మార్మోసెట్‌కు కావాల్సింది అరటిపండు కాదు.. గోంద్!

అరచేతిలో ఇమిడిపోయే చిన్న కోతి. చెవుల దగ్గర తెల్లని కుచ్చులు. ఫోన్‌లో వీడియోలు చూసి పిల్లలు అడుగుతారు, పెద్దలు కొని తెస్తారు. ఇంటికి వచ్చాక చాలామంది చేసే పని ఒకటే.. అరటిపండో, ద్రాక్షో, బిస్కెట్టో చేతికివ్వడం. ఆశగా తింటోంది కదా, బాగానే ఉందనుకుంటారు. కొన్ని నెలలకు అది దూకడం మానేస్తుంది, చేతులు వణుకుతాయి. అప్పటికే ఎముకలు గుల్లబారి ఉంటాయి.

అడవిలో ఏం తింటుంది?

కామన్ మార్మోసెట్ పుట్టిల్లు ఈశాన్య బ్రెజిల్. పెద్దయినా బరువు సుమారు 300 గ్రాములే. కింది పళ్లతో చెట్టు బెరడుకు గాట్లు పెట్టి, కారే బంకను నాకుతుంది. పురుగులు, మిడతలు పట్టి తింటుంది. పండ్లూ తింటుంది కానీ, అడవి పండులో పీచు ఎక్కువ, తీపి తక్కువ. మన బజారులో దొరికే పండు మనిషి నోటి రుచి కోసం పెంచింది. ఇంగ్లండ్‌లోని పెయిన్టన్ జూ 2014లో కోతులకు అరటిపండ్లు ఆపేసింది ఇందుకే. ఎప్పుడూ తీపి పండ్లే పెడితే పళ్లు పుచ్చిపోతాయి, ఒళ్లు పెరుగుతుంది, షుగర్ కూడా రావచ్చు.

గోంద్ ఎందుకు?

బాలింతల లడ్డూల్లో వేసే గోంద్ తుమ్మ జాతి చెట్ల బంక. జూలలో మార్మోసెట్లకు పెట్టేదీ ఆ జాతి చెట్ల బంకే. పురుగుల్లో కాల్షియం తక్కువ, బంక ఆ లోటు పూడుస్తుంది. శుభ్రమైన గోంద్ పొడిని గోరువెచ్చని నీళ్లలో పాకంలా కలిపి, చెక్క దుంగకు వేసిన చిన్న రంధ్రాల్లో నింపాలి. తవ్వుకుని తింటే పళ్లకూ పని, కాలక్షేపమూ. షర్బత్‌లో వేసే గోంద్ కతీరా వేరు, రెండూ ఒకటనుకోవద్దు.

ఎండ, డి3

తిన్న కాల్షియం ఒంటికి పట్టాలంటే విటమిన్ డి3 ఉండాలి. డి2 ఈ కోతులకు సరిగా పనిచేయదు. రోజూ కాస్త నేరుగా ఎండ తగలాలి, నీడ కూడా అందుబాటులో ఉండాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ పనికిరాదు, అవసరమైన కిరణాలను అద్దం ఆపేస్తుంది. డి3 చుక్కలు సొంతంగా వేయొద్దు, ఎక్కువైనా ప్రమాదమే. మోతాదు డాక్టరే చెప్పాలి.

రోజూ ఏం పెట్టాలి?

* మార్మోసెట్ల కోసం తయారైన పెల్లెట్లు ప్రధాన ఆహారం
* గోంద్ పాకం
* కీచురాళ్లు, మీల్‌వార్మ్‌లు (వాటికి ముందే కాల్షియం ఉన్న మేత పెట్టాలి)
* కొద్దిగా ఉడికించిన గుడ్డు, కూరగాయ ముక్కలు
* పండు చిన్న ముక్క, అదీ అప్పుడప్పుడే

చాయ్, చాక్లెట్, మిఠాయి, చిప్స్ అసలు వద్దు. మనుషుల్లాగే దీనికీ విటమిన్ సి ఆహారంలోంచే అందాలి. వారానికోసారి వంటింటి త్రాసు మీద తూచాలి. 30 గ్రాములు తగ్గిందంటే ఒంట్లో పదో వంతు పోయినట్టే. ఆలస్యం చేయకుండా ఇలాంటి జంతువులను చూసే పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లాలి.

కాగితాలున్నాయా?

2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మార్మోసెట్ నాలుగో షెడ్యూల్ జంతువు. పెంచేవారు ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయించుకోవాలి. కాగితాలు చూపని వ్యాపారి దగ్గర కొనొద్దు.

మార్మోసెట్ పన్నెండేళ్లకు పైగా బతకగలదు. అన్నేళ్లూ రోజూ గోంద్, పురుగులు, ఎండ ఏర్పాటు చేయలేమనుకుంటే, పిల్లలకు ముందే ‘వద్దు’ అని చెప్పడం మంచిది.