హలీం బట్టీ వద్ద నిప్పుతో పరీక్ష

హైదరాబాద్: రంజాన్ మాసంలో సాయంత్రం అయిందంటే పాతబస్తీ మొదలుకొని మెహదీపట్నం, టోలీచౌకి వరకు హలీం దుకాణాల ఎదుట జనం బారులు తీరుతారు. అడిగిన వారికి క్షణాల్లో గిన్నె అందుతుంది. ఆ గిన్నె కోసం వంటశాలలో శ్రమ మాత్రం తెల్లవారుజామునే ఆరంభమవుతుంది.

నానబెట్టిన గోధుమలు, మాంసం, పప్పులు, మసాలా దినుసులను దేగ్ అనే పెద్ద పాత్రలో వేసి, బట్టీలో కట్టెల మంటపై 10 నుంచి 12 గంటల పాటు ఉడికిస్తారు. మాంసం, గోధుమ విడివిడిగా కనిపించకుండా ఏకమయ్యే వరకు ఘోట్నీ అనే పొడవాటి కర్రతో దంచుతూ కలపాలి. పదార్థం చిక్కబడే కొద్దీ ఘోట్నీ కదలడం కష్టమవుతుంది. భుజాలు అలసిన వేళకే అసలు పని మొదలవుతుందన్నమాట.

తొందరపడదామంటే వీలుకాదు. మంట పెంచితే అడుగంటుతుంది. ఆ మాడు వాసన దేగ్ మొత్తానికీ పాకుతుంది. పైన ఎంత నెయ్యి పోసినా దాగదు. మంట తగ్గిస్తే ఇఫ్తార్ వేళకు సిద్ధం కాదు. సూర్యాస్తమయం వంటవాడి కోసం ఆగదు కదా!

బట్టీ వద్ద పనిచేసే వారిలో పలువురు రోజా పాటిస్తారు. సెగకు చెమట ధారలు కడుతున్నా సాయంత్రం వరకు గుక్కెడు నీరైనా ముట్టరు. రంజాన్ ఏటా సుమారు 11 రోజులు ముందుకు జరుగుతుంది. 2018, 2019 సంవత్సరాలలో ఉపవాసాలు మే నెల మండుటెండల్లో వచ్చాయి. 2026లో ఫిబ్రవరిలోనే మొదలైనందున ఎండ బాధ తప్పింది గాని, బట్టీ వేడికి రుతువులతో పనిలేదు. పైగా ఖర్జూరంతో ఉపవాసం విరమించిన ఆ కొద్ది నిమిషాల్లోనే రద్దీ ముంచుకొస్తుంది. విశ్రాంతి అవసరమైన ఘడియలోనే చేతులు మరింత వేగంగా ఆడాలి.

హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు లభించింది. కట్టెల మంటకు, నెయ్యికి దక్కిన ఆ గౌరవం ఘోట్నీ పట్టిన చేతుల దాకా చేరలేదనే చెప్పాలి. 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం వారానికి 48 గంటల పనిని పరిమితిగా విధించింది. అంతకు మించితే రెట్టింపు వేతనం చెల్లించాలి. అయితే నెల రోజుల కోసం నోటి మాటపై కుదిరిన కూలీకి పనిగంటల లెక్క చూపే కాగితమే ఉండదు.

అమ్మకాలు ముగిసేసరికి అర్ధరాత్రి దాటుతుంది. దేగ్‌లు తోమి, మరునాటికి గోధుమలు నానబోసిన తర్వాతే వారు నడుం వాల్చేది. సహరీ వేళకు మళ్లీ లేవాలి.