సంప్రదాయం పేరెత్తినప్పుడు

సాయంత్రంపూట గుడివాడలో ఏ టీ కొట్టు ముందు నిలబడ్డా టీవీలో చర్చ నడుస్తూనే ఉంటుంది. ఒకాయన మన సంస్కృతి మట్టికొట్టుకుపోయిందంటాడు. సినిమాలు చెడగొట్టాయంటాడు, పేపర్లు అమ్ముడుపోయాయంటాడు, అవతలి పార్టీకి దైవభక్తి లేదంటాడు. అవతలాయన అంతకన్నా గట్టిగా అరుస్తాడు. ఇది చూసి పెరిగే పిల్లలు సంప్రదాయవాదమంటే కోపంగా మాట్లాడటమే అనుకుంటున్నారు. పాతవాటిలో మంచి నిలవాలని కోరుకునేవాణ్ణి కాబట్టి నాకు అది బాధగా ఉంటుంది. ఆ మాటకు అసలు అర్థమేమిటో మన బందరు, గుడివాడ ప్రాంతంలోనే చూపించవచ్చు.

సంప్రదాయవాది అడిగే ప్రశ్న చాలా మామూలుది. ఒక ఏర్పాటు తరతరాలుగా నిలబడిందంటే దానివల్ల ఏదో పని జరుగుతూ ఉండాలి. దాన్ని తీసేసే ముందు ఆ పనేమిటో తెలుసుకో. తీసేశాక ఆ పని ఎవరు చేస్తారో చెప్పు. ఫ్రెంచి విప్లవాన్ని చూసి ఇంగ్లండులో ఎడ్మండ్ బర్క్ 1790లో లేవనెత్తింది ఇలాంటి ప్రశ్నే. మన దగ్గర దాన్ని నవలగా రాసినవాడు విశ్వనాథ సత్యనారాయణ. 1895లో నందమూరులో పుట్టి, బందరులో చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారి దగ్గర చదువుకుని, ఆ ఊళ్లోనే పాఠాలు చెప్పిన మనిషి. ఆయన 'వేయిపడగలు'లో గుడి, జమీ, వృత్తి, చేను, సంసారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఒకటి సడలితే తక్కినవీ ఎలా జారిపోతాయో వందల పేజీల్లో ఓపిగ్గా చూపించాడు.

ఆ నవలలోని ఊళ్లో అందరికీ సమానమైన చోటు లేదు కదా అంటే, ఆ అభ్యంతరం న్యాయమైనదే. దాన్ని ధైర్యంగా చెప్పినవాడు కూడా ఇక్కడివాడే, అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి. పురాణాలను నిలదీస్తూ 'సూతపురాణం' రాశాడు. పెళ్లిలో చదివే మాటలు పెళ్లాడేవాళ్లకు తెలియాలని వివాహవిధిని తెలుగులో కూర్చాడు. అంటే పెళ్లిపీటలు ఎత్తెయ్యమనలేదు, వాటి మీద కూర్చున్నవాళ్లకు అర్థమయ్యే భాష కావాలన్నాడు. విశ్వనాథ నిలబెట్టడానికి చదివాడు, రామస్వామి చౌదరి ప్రశ్నించడానికి చదివాడు. ఇద్దరూ మాత్రం పురాణాలు క్షుణ్ణంగా చదివినవాళ్లే. నేటి చర్చల్లో నాకు కొరతగా కనిపించేది ఆ చదువే.

ఇక రాజకీయం, పేపరు, సినిమా. ఈ మూడింటినీ కలిపి చూడాలంటే గుడివాడ చుట్టుపక్కల ఊళ్లు చాలు. నిమ్మకూరులో 1923లో ఎన్టీ రామారావు పుట్టారు. అక్కినేని నాగేశ్వరరావుది రామాపురం. 'ఈనాడు' పెట్టిన రామోజీరావుది పెదపారుపూడి. 1982లో తెలుగుదేశం పుట్టినప్పుడు తెరమీది కృష్ణుడు, ఊరూరికీ చేరే పేపరు ఒకే గాలిలో నడిచాయి. 1983లో రామారావును గెలిపించిన స్థానాల్లో గుడివాడ ఒకటి.

ఆయన వేషం, భాష పాతవి. కాషాయం కట్టారు, గ్రాంథికం కలిపి మాట్లాడారు. చేసిన పనులు చూడండి. 1984లో మునసబు, కరణం పదవులు తీసేశారు. ఉమ్మడి ఆస్తిలో కొడుకుతోపాటు కూతురికీ పుట్టుకతోనే సమాన వాటా ఇచ్చే చట్టం 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. అంతకు ముందే పెళ్లయినవాళ్లకు అది అందలేదు. దేశమంతటికీ అలాంటి హక్కు రావడానికి 2005 దాకా పట్టింది.

పైన చెప్పిన ప్రశ్న ఈ రెండింటికీ వేద్దాం. కూతురి వాటా వల్ల కుటుంబం కూలుతుందన్నారు. నా లెక్కలో అది కుటుంబాన్ని గట్టిపరిచింది. ఇంటి పిల్లను ఇంటి మనిషిగానే ఉంచింది. కాబట్టి పాతదాన్ని ప్రేమించేవాడు ఆ చట్టాన్ని మెచ్చుకోవాలి. కరణాల సంగతి అంత తేలిగ్గా తేలదు. వంశపారంపర్యంగా ఊరిమీద పెత్తనం ఒక ఇంటి చేతిలో ఉండటం తప్పే, అది పోవాల్సిందే. అయితే ఏ గట్టు ఎవరిదో, ఏ బోదె ఎటు పారుతుందో, అడంగల్లో ఏ గీత ఎందుకు పడిందో కరణానికి నోటికి వచ్చేది. ఆ తెలివిడిని ఎవరికి అప్పగించాలో ముందుగా ఆలోచించలేదు. తర్వాత పేర్లు మారిన ఉద్యోగాలు ఎన్నో వచ్చాయి. రికార్డులో సర్వే నంబరు తప్పు దిద్దించుకోవడానికి రైతు ఇవాళ్టికీ తిరుగుతూనే ఉన్నాడు. నచ్చిన నాయకుడి పనినైనా ఇలా రెండువైపులా చూడటమే సంప్రదాయవాది చేయాల్సిన విమర్శ.

ఒకప్పుడు బందరులో ఇలా ఆలోచించే పత్రిక ఉండేది. 1902లో మొదలైన కృష్ణాపత్రికను ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో కన్నుమూసేదాకా నడిపారు. స్వరాజ్యం గురించి రాసిన చేత్తోనే కళల గురించీ రాశారు. 1910లో మొదలైన ఆంధ్ర జాతీయ కళాశాల, 1923లో పట్టాభి సీతారామయ్య పెట్టిన ఆంధ్రా బ్యాంకు ఆ ఊరివే. బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. బందరులో పుట్టిన ఆ పేరు మన వీధుల్లో బోర్డుల మీంచి చెరిగిపోయింది. నాకది ఇంట్లో పెద్దమనిషి పోయినట్టే ఉంది.

అలా పోకుండా మిగిలినదాన్ని చూద్దామని మొన్న బందరు దగ్గరి పెడనలో ఒక కలంకారీ షెడ్డుకు వెళ్లాను. కరక్కాయ నీళ్లలో తడిపి ఆరబెట్టిన గుడ్డను బల్లమీద పరిచారు. తుప్పుపట్టిన ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నలుపులో టేకు అచ్చు ముంచి, గుడ్డమీద పెట్టి, పిడికిలితో ఒక్క గుద్దు గుద్దాడు మేస్త్రీ. తీగ పడింది. రెండో అచ్చు సరిగ్గా దాని అంచునే వాలింది. పటికతో అద్దినచోట ఎరుపు అప్పుడే తేలదు, ఉడకబెట్టాకే తేలుతుంది. ఆ తీగల్లో పర్షియా వాసన ఉంది. గోల్కొండ సుల్తానుల కాలంలో బందరు రేవు నుంచి ఓడలెక్కిన సరుకు ఇది. పరాయి మోజుల్ని కూడా తనలో కలుపుకుని మనదైంది.

ఇప్పుడు మిషను మీద కొట్టిన గుడ్డను ఇదే పేరుతో అమ్ముతున్నారు. సంస్కృతి గురించి మాట్లాడేవాళ్లు ఒంటిమీది గుడ్డ ఏదో చూసుకుంటే ఈ షెడ్డుకు మేలు. మేస్త్రీతో అదే అన్నాను. ఆయన చేతులు తుడుచుకుంటూ షెడ్డు వెనక కాలవ చూపించాడు. గుర్రపుడెక్క నిండా కమ్ముకుని నీళ్లు కనిపించడం లేదు.

"పారే నీళ్లలో ఉతికితేనే రంగు నిలుస్తుందండీ. బోరు నీళ్లు ఉప్పగా ఉంటున్నాయి. పేపరుకు రాసేటట్టయితే ఈ డెక్క సంగతి రాయండి బాబూ. ఎండలు ముదరకముందే తీయిస్తే ఈ సరుకు ఉతుక్కుంటాం."