సీడీ పైన కాదు, లోపల రాస్తే?



మన శ్రీరంగాపూర్‌లో చాలా ఇళ్ల బీరువాల్లో ఒక పెళ్లి సీడీ ఉంటుంది. ప్లేయర్ ఉండదు, ఉన్నా సీడీ ఆడదు. డ్రైవ్ ఉన్న కంప్యూటర్ దొరికితే ముందు దాన్ని కాపీ చేయించండి, ఒకటి కాదు, రెండు చోట్ల. మనం దాచుకునేవి ఏటేటా పెరుగుతున్నాయి, దాచే వస్తువులు మాత్రం త్వరగా పాడవుతున్నాయి. ఈ చిక్కు మీదే యూనివర్సిటీల్లో ఒక పరిశోధన నడుస్తోంది.

సీడీలో సుమారు 700 ఎంబీ, మామూలు డీవీడీలో 4.7 జీబీ పడుతుంది. రెండింటిలోనూ రాత ఒకే పొరలో ఉంటుంది. తాళపత్రాల కట్టను ఊహించుకోండి. విప్పకుండా, పై ఆకుల మీద గీత పడకుండా, మధ్య ఆకు మీద మాత్రమే రాయగలమా? త్రీడీ ఆప్టికల్ స్టోరేజ్ చేసేది అదే. గంటం బదులు లేజర్.

ఎండలో భూతద్దంతో కాగితం కాల్చడం మనందరికీ తెలుసు. వెలుగు అద్దం కింద అంతటా ఉన్నా, కిరణాలు చుక్కగా చేరిన చోటే కాగితం కాలుతుంది. ఇక్కడ ఇంకాస్త కచ్చితం. కొన్ని పదార్థాల అణువులు ఒకేసారి రెండు ఫోటాన్లను, అంటే రెండు కాంతి రేణువులను, పీల్చుకుంటేనే మారతాయి. కాంతి అంత కిక్కిరిసి ఉండేది ఫోకస్ దగ్గరే. అందుకే పైపొరలు అలాగే ఉండి లోపలి చుక్క ఒక్కటే మారుతుంది. ఫోకస్ జరిపితే మరో పొర. ఈ రెండు ఫోటాన్ల పద్ధతిని 1989లోనే కాలిఫోర్నియా యూనివర్సిటీ అర్వైన్‌లో పార్థెనోపులోస్, రెంట్‌జెపిస్ చేసి చూపారు. 2024లో షాంఘై పరిశోధకులు డీవీడీ సైజు డిస్కులో 100 పొరలతో సుమారు 200 టీబీ దాచే దారి చూపారు. అంటే నలభై వేలకు పైగా డీవీడీలు!

మన దగ్గర గచ్చిబౌలిలోని హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ డి. నారాయణరావు బృందం పీఎంఎంఏ మీద పనిచేసింది. దుకాణాల బోర్డులకు వాడే యాక్రిలిక్ అదే. దాని లోపల ఫెమ్టోసెకండ్ లేజర్‌తో గీతలు గీశారు. ఫెమ్టోసెకండ్ అంటే సెకనులో వెయ్యి లక్షల కోట్లవ వంతు. గీసిన చోట మీద మరో లేజర్ వేస్తే అది వెలుగు చిమ్మింది, గీయని చోట అలా జరగలేదు. రాసింది చదవడానికి ఆ తేడా చాలు.

మరి అంగట్లో ఎందుకు లేదు? ఈ లేజర్లు చాలా ఖరీదు, రాత నెమ్మది. ఈ రెంటినీ దాటేది బహుశా ఇప్పుడు మన బెంచీల మీద కూర్చున్నవాళ్లే.

ఎంపీసీ అంటే జేఈఈ ర్యాంకే అనుకునే ఇళ్లకు ఒక మాట. ఇదే విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత ఐదేళ్ల ఇంటిగ్రేటెడ్ ఎంఎస్సీ ఫిజిక్స్ ఉంది. ప్రవేశం సీయూఈటీ ద్వారా.