షాఫ్టు పొడవు చూడందే జీపెక్కవద్దు

మిర్చి కోతలు, పత్తి తీతలు వచ్చాయంటే కూలిజనం జీపుల్లో కుక్కుకుని పోవాల్సిందే. పదిమంది పట్టే బండిలో ఇరవై మందిని ఎక్కిస్తారు. ఆ బరువుకు వెనక కమాను కట్టలు కుంగిపోతాయి. అప్పుడు యజమాని ఏం చేస్తాడు? మనుషుల్ని తగ్గించడు, బండి ఎత్తు పెంచుతాడు. కట్టల్లో అదనపు పట్టీలు వేయిస్తాడు, లేదా ఇరుసుకూ కట్టకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టిస్తాడు. బండి లేచి నిలబడింది కదా, ఇక భయం లేదంటాడు.

అసలు భయం అక్కడే మొదలవుతుంది. గేరుబాక్సు తిప్పే తిప్పుడును వెనక ఇరుసుకు చేర్చేది ప్రొపెల్లర్ షాఫ్టు. అందులో పళ్ళున్న రాడ్డు ఒకటి పళ్ళున్న గొట్టంలో ముందుకూ వెనక్కూ జారుతుంది. దీన్ని స్లిప్ జాయింటు అంటారు. బండి ఎత్తు పెరిగితే గేరుబాక్సు పైకి పోతుంది, ఇరుసు కిందనే ఉంటుంది. మధ్య దూరం పెరుగుతుంది. ఆ మేరకు రాడ్డు గొట్టంలోంచి బయటికి వస్తుంది.

లెక్క చూద్దాం. షాఫ్టు పొడవు 100 సెంటీమీటర్లు, రెండు కొసల ఎత్తు తేడా 20 సెంటీమీటర్లు అనుకోండి. మామూలుగా చక్రం గుంటలో మరో 10 సెంటీమీటర్లు దిగితే షాఫ్టు రెండున్నర సెంటీమీటర్లు సాగాలి. ఏడున్నర సెంటీమీటర్ల దిమ్మ పెట్టాక అదే గుంటలో దిగితే దాదాపు 5 సెంటీమీటర్లు సాగాలి. అంటే రెట్టింపు! నిలబడిన బండిని చూస్తే ఈ సంగతి తెలియదు.

పళ్ళ పట్టు వదిలితే షాఫ్టు రెండు ముక్కలవుతుంది. ఇరుసు వైపు ముక్క కొస నేలకు గుచ్చుకుంటే బండి బోల్తా పడవచ్చు. విల్లీస్ నమూనా పాత జీపుల్లో హ్యాండుబ్రేకు పట్టేది కూడా ఈ షాఫ్టునే. షాఫ్టు ఊడితే ఆ బ్రేకూ లేనట్లే.

మరి ఎలా చూడాలి? బండిని చదును నేలపై నిలిపి, రాడ్డు గొట్టంలోకి దూరే చోట సుద్దతో గీత పెట్టించాలి. ముందు చక్రాలకు రెండు వైపులా అడ్డు వేసి, వెనక ఛాసిస్‌ను జాకీతో లేపి, గట్టి స్టాండ్లపై నిలపాలి. ఒట్టి జాకీని నమ్మి ఎవరూ కిందికి దూరవద్దు. చక్రాలు వేలాడినప్పుడు గీత ఎంత బయటికి వచ్చిందో కొలవాలి. అప్పటికీ కంపెనీ పుస్తకంలో చెప్పినంత మేర పళ్ళు లోపల పట్టి ఉండాలి. అంగుళమైనా మిగలకపోతే ఆ షాఫ్టు పొట్టిదని నిస్సందేహంగా చెప్పవచ్చు. నిండు బరువుతో కుంగినప్పుడు రాడ్డు గొట్టం అడుగును తాకకూడదు. తాకితే గేరుబాక్సు బేరింగులు దెబ్బతింటాయి. వాలు ఎక్కువైతే క్రాసులు అరిగి, బండి అడుగున గడగడ మోత, వణుకు పుడతాయి. ఆ మోత వింటే ప్రయాణం ఆపించాలి.

షాఫ్టు పొట్టిదైతే సరైన పొడవుది చేయించి, బ్యాలెన్సు చూపించి బిగించాలి. లేదా దిమ్మలు తీసేయాలి. ముక్క అతికించి వెల్డింగు కొట్టి తిప్పితే ఒప్పుకోకూడదు. రిజిస్ట్రేషను వివరాలు తయారీదారు చెప్పినవాటికి భిన్నమయ్యేలా యజమాని బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతోంది. కనుక ఈ ఖర్చు యజమానిదే. కూలిలో కోత పెడితే ఊరుకోవద్దు.

మేస్త్రీ బండి మాట్లాడేటప్పుడే ముఠా అంతా కలిసి అడగాలి: “ఎత్తు పెంచారా? షాఫ్టు కొలిపించారా?” ఒక్కరు అడిగితే రేపట్నుంచి పనికి రావద్దంటారు. ఇరవై మందీ బండి దిగి నిలబడితే కొలిపించక తప్పదు. చేలో చెమట ధారపోయటానికి బయల్దేరిన వాళ్ళం మనం, దారిలో నెత్తురు ధారపోయటానికి కాదు.