ఎండకు వెలిసిన కారు మళ్లీ ఎలా మెరుస్తుంది?

చెన్నైలో బెసంట్ నగర్ వీధుల్లో ఆరుబయట నిలిపి ఉంచే పాత కార్లను గమనించండి. తలుపుల రంగు బాగానే ఉంటుంది. టాప్, బానెట్ మాత్రం సున్నం పూసినట్టు పాలిపోతాయి. ఎందుకు?

మధ్యాహ్నపు ఎండ నేరుగా పడేది వాటి మీదే. అందులోని అతినీలలోహిత కిరణాలు రంగుపొడిని పట్టి ఉంచే రెసిన్‌ను దెబ్బతీస్తాయి. పై పొర గరుకెక్కుతుంది. గరుకు మీద పడ్డ వెలుగు చెల్లాచెదురవుతుంది కాబట్టి మెరుపు పోతుంది.

1961 నుంచి మద్రాసులో తయారైన స్టాండర్డ్ హెరాల్డ్ లాంటి కార్లకు రంగే పై పొర. వాటికి ఇంకా అసలు రంగే ఉంటే, కాస్త పాలిష్ అద్దిన తెల్లగుడ్డతో రుద్దగానే గుడ్డకు రంగు అంటుతుంది. ఇప్పటి కార్లకు రంగు మీద పారదర్శకమైన క్లియర్ కోట్ ఉంటుంది. దాని మందం సుమారు 40-50 మైక్రాన్లే! వాటిని రుద్దితే గుడ్డకు రంగు అంటదు.

మెరుపు తిరిగి రావాలంటే ముందు కారును నీడలో పెట్టి షాంపూతో కడగాలి. ఈ పనిలో తొందరపడకూడదు: ఒక్క ఇసుక రేణువు మిగిలినా గుడ్డ కింద నలిగి గీతలు పెడుతుంది. తర్వాత రబ్బింగ్ కాంపౌండ్‌ను జానెడు చోట రాసి రుద్దాలి. అందులోని సన్నని రేణువులు పాడైన పొరను అరగదీసి నున్నగా చేస్తాయి. అంచుల దగ్గర రంగు త్వరగా అరిగిపోతుంది, అక్కడ చెయ్యి తేలిగ్గా ఆడాలి. చివర్లో వ్యాక్స్ పట్టించాలి.

క్లియర్ కోట్ పొలుసులుగా లేచిపోతే మాత్రం ఏ పాలిషూ పనిచేయదు. పెయింటర్ దగ్గరికి తీసుకెళ్లాల్సిందే.