నిధికుండను పగులగొట్టవద్దు

మండపేట పరిసర గ్రామములలో ఇంటి పునాదికో, బోదెకో మన్ను త్రవ్వుచుండగా పలుగునకు కుండ అంచు తగిలినదనుకొనుడు. క్షణములో పదిమంది మూగుదురు. కుండను పగులగొట్టి, లోని నాణెములను పంచుకొని, పెంకులను గట్టుపై పారవేయుదురు. నాణెములు కంసాలి కుంపటిలో కరగిపోవును. నాణెములు పోవుట నష్టమని అందరు నెరుగుదురు. పెంకులను గూర్చియే మేము కొంత చెప్పదలచితిమి.

బ్యాంకులు లేని కాలమున మట్టికుండయే ఇనుపపెట్టె. రోమను సామ్రాజ్యముతో మన తీరమునకు వర్తకము సాగిన రోజులలో, ఇచటి సన్నని వస్త్రములకు ఆ దేశమున గిరాకి యుండెడిది. ఆనాటి రోమను వెండి నాణెములు నల్లగొండ ప్రాంతమున అక్కనపల్లెలో 1,531 ఒక్కచోట దొరికినవి. మండపేటకు చేరువనున్న ధవళేశ్వరమున దొరికిన తూర్పు చాళుక్య, చోళ నాణెముల నిధిని గూర్చి మద్రాసు మ్యూజియమువారు 1966లో గ్రంథమే ప్రకటించిరి.

నాణెము రాజు పేరు చెప్పును. దానిని పాతిన విధము చెప్పునది కుండయే. 2010లో ఇంగ్లండున ఫ్రోమ్ అను ఊరికి సమీపమున ఒకాయన పొలములో రోమనులనాటి కుండను కనుగొనెను. ఆయన త్రవ్వుట ఆపి పురావస్తు నిపుణులకు కబురంపెను. వారు నాణెములను పొరలు పొరలుగా తీసిరి. లెక్కింపగా 52,503; బరువు 160 కిలోలు! పలుచని ఆ కుండ అంత బరువుతో మోయుటకు ఓర్వదు. కనుక ముందు కుండను గోతిలో నిలిపి, పిమ్మట నింపిరని తేలినది. ఏటేట కూడబెట్టిన సొమ్మైనచో క్రొత్త నాణెములు పైన ఉండవలెను. అచట వాటిలో అధికభాగము దిగువననే యుండెను. కావున అంతయు ఒక్కమారే పోసిరని నిశ్చయించిరి. అది దేవతకు సమర్పించిన మొక్కుబడి కావచ్చునని కొందరు పండితుల ఊహ. ఆ కుండను గట్టుపై బోర్లించియుండినచో ఇందులో ఒక్కటియు తెలిసెడిది కాదు.

మన గ్రామములలో నోరు కట్టివేయునది భయము. సర్కారు అంతయు లాగికొనునని అనుకొందురు. 1878 నాటి నిధి నిక్షేపముల చట్టము అట్లు చెప్పుటలేదు. పది రూపాయలకు మించిన నిధి దొరికినవారు, ఏమి, ఎచట, ఎన్నడు దొరికినదో కలెక్టరునకు వ్రాసి తెలుపవలెను. హక్కుదారు లేడని తేలినచో సాధారణముగా నాలుగింట మూడు వంతులు కనుగొన్నవానికి, మిగిలినది స్థలము యజమానికి చెందును. ప్రభుత్వము దానిని తీసికొనదలచినచో లోహపు విలువపై అయిదవవంతు అదనముగా చెల్లించును. దాచినవానికి మాత్రము భాగము పోవుటయేగాక ఏడాది వరకు ఖైదు పడవచ్చును.

పంచాయతీ సభ్యులు వెంటనే పని నిలిపించి, కుండ చుట్టునున్న మన్ను కదలనీయక గోనె కప్పించి, రాత్రికి కాపలా నుంచవలెను. కుండ అప్పటికే పగిలియున్నచో పెంకులన్నిటిని, లోని మట్టితోగూడ, ఒకే సంచిలో భద్రపరుపుడు. నాణెములను చింతపండుతో తోమనీయకుడు.