నోరు చప్పబడిందా.. మనసునూ అడగండి

తిరుత్తణి: కూరలో ఉప్పు తక్కువైందంటారు.. చారు చప్పగా ఉందంటారు. వండినామెకు రోజూ తిట్లే. అదే భోజనం మిగతావాళ్లకు బాగానే ఉంటుంది. తిరుత్తణి, తిరువళ్లూరు ప్రాంతాల తెలుగువారు దీన్ని 'నోరు చేదు' అంటారు. పక్కింటి తమిళులు 'వాయ్ కసక్కుదు' అంటారు. జ్వరంలో ఇది మామూలే. జ్వరం లేకుండా వారాల తరబడి ఉంటే మాత్రం అనుమానించాల్సిందే. 'దిగులుగా ఉంది' అని చెప్పుకోలేని వాళ్లు 'తిండి సయించడం లేదు' అంటారు.

నాలుక ఒక్కటే కాదు..
నాలుక కబురు పంపితే రుచిని పోల్చుకునేది మెదడు. ఇందులో సెరటోనిన్, నోరడ్రినలిన్ రసాయనాల పాత్ర ఉంది. కుంగుబాటుకు ఇచ్చే మందులు చాలావరకు పనిచేసేదీ వీటి మీదే. ఇంగ్లండులోని బ్రిస్టల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2006లో ఆరోగ్యవంతులకు ఈ మందులిచ్చి చూశారు. సెరటోనిన్‌ను పెంచే మందు వేసుకున్నాక తీపిని 27 శాతం, చేదును 53 శాతం తక్కువ మోతాదులోనే గుర్తుపట్టారు. ఆందోళన ఎక్కువున్న వారికి చేదు, ఉప్పు అంత తొందరగా తెలియలేదు. కుంగుబాటులో ఇంకో చిక్కూ ఉంది. మైసూరుపాకు తియ్యగానే ఉంటుంది.. తిన్న సంతోషం మాత్రం ఉండదు.

అన్నిటికీ అదే కారణమా?
కాదు. జింకు లోపం, చిగుళ్ల జబ్బు, మధుమేహం, జలుబు, కొవిడ్ కూడా రుచిని దెబ్బతీస్తాయి. విరేచనాలకు వాడే మెట్రోనిడజోల్‌తో నోట్లో ఇనుము నాకినట్టు ఉంటుంది. కుంగుబాటుకిచ్చే అమిట్రిప్టిలిన్‌తో నోరు ఎండిపోతుంది. అలాగని మందు సొంతంగా ఆపేయకూడదు. వైద్యుడికి చెబితే మోతాదో, మందో మారుస్తారు.

మొక్కుతో పాటు వైద్యం
తిరువళ్లూరు వీరరాఘవస్వామి కోనేట్లో రోగాలు కరిగిపోవాలని భక్తులు బెల్లం వేస్తారు. ఉప్పు, మిరియాలూ సమర్పిస్తారు. మొక్కు తీర్చుకోండి.. వైద్యుడినీ కలవండి. అరుచితో పాటు దిగులు, నిద్రలేమి, పనిపై ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే ఆలస్యం వద్దు. చావు ఆలోచనలు వస్తే ఒక్క రోజు కూడా ఆగకూడదు. తిరువళ్లూరులో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల ప్రారంభమైంది. అదే ఏడాది కేంద్రం తెచ్చిన టెలి మానస్ నంబరు 14416కు రాత్రీపగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు. తమిళంతో పాటు తెలుగులోనూ మాట్లాడవచ్చు. ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఒకటే.. 'ఉప్పు వేసుకో' అని గిన్నె జరిపే ముందు 'ఏమైంది?' అని అడగడం.